లేని వేళ్ళ మంట

ఆ ఉదయం చేతిలో నొప్పి లేదు. అదే నాకు అనుమానం తెచ్చింది.

డెబ్బైల చివరి మాట. అంతకు నాలుగు రోజుల ముందు, పూతలపట్టు దగ్గర మా తోటలో చెరకు ఆడిస్తుండగా నా కుడిచేతి వేళ్ళు ఇంజన్ గానుగ రోలర్ల మధ్య నలిగాయి. ఊళ్ళో కాంపౌండరు కట్టు కట్టాడు. ఆ ఉదయం విప్పి చూస్తే వేళ్ళు నల్లబడి, వాసన వేస్తున్నాయి. మా ఆయన బస్సెక్కించి తిరుపతి ఆసుపత్రికి తీసుకుపోయారు.

"గాంగ్రీన్ వచ్చిందమ్మా. మణికట్టు దాకా తీసేయాల. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు," అన్నాడు సర్జన్.

"సరే" అన్నాను. ఎవరి చేతి గురించో విన్నట్టు విన్నాను.

ఆపరేషన్ తర్వాత కూడా ఏడుపు రాలేదు. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు మొహం గోడవైపు తిప్పుకునేదాన్ని. పదో రోజు కుట్లకు చీము పట్టింది, మళ్ళీ శుభ్రం చేసి కుట్టారు. లేని వేళ్ళు మండేవి. చెబితే పిచ్చి పట్టిందంటారని చెప్పలేదు.

ఇంటికొచ్చాక మొండిచేతిని కొంగు కింద దాచాను. అత్త అన్నం కలిపి పెట్టేది, తల దువ్వేది. ఎవరడిగినా "బాగుండాను" అనేదాన్ని. గానుగ వైపు పోలేదు. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి.

ఒక మధ్యాహ్నం నా ఏడేళ్ళ కూతురు అడిగింది. "అమ్మా, నీ చెయ్యి యాడికి పోయింది?"

"నోరు మూయి పాపా," అని అత్త కసిరింది.

"ఉండత్తా, అడగనీ."

జరిగిందంతా చెప్పాను. ఇంజన్ ఆపకుండా ఇరుక్కున్న చెరకు లాగబోయానని మొదటిసారి నా నోట వచ్చింది. వేళ్ళ మంట సంగతీ చెప్పాను.

"ఇప్పుడు కూడా మండతాండాదా?"

"మండతాండాది."

పాప కొంగు తీసి, మొండిచేతి మీద ఊదింది. అప్పుడే నేనూ దాన్ని మొదటిసారి చూశాను. ఏమీ అనిపించలేదు. చూశాను, అంతే.

మరుసటి వారం ఆసుపత్రిలో మంట గురించి చెప్పాను. "చానామందికి వస్తాదమ్మా. ముందే చెప్పాల్సింది," అన్నాడు డాక్టరు. ఎలా మర్దన చేసుకోవాలో, ఏ ఎక్సర్‌సైజులు చేయాలో నేర్పించాడు. మంట తగ్గింది, పూర్తిగా పోలేదు. ఎడమచేత్తో అన్నం కలపడం, రాయడం నేర్చుకున్నాను. ఇది రాసిందీ ఆ చేత్తోనే. మరుసటేడు గానుగ దగ్గరికి పోయి, నేనెన్నడూ తలెత్తి మాట్లాడని మగవాళ్ళతో, "ఇంజన్ ఆపినాకే చెయ్యి పెట్టండప్పా," అన్నాను. ఆపారు.

చెయ్యి పోవడం మంచిదే అయిందని మాత్రం అనలేను. నిద్ర లేవగానే ఇప్పటికీ కుడిచెయ్యే ముందుకు పోతుంది.

నాలాంటి వాళ్ళకు ఒక్క మాట. గాయాన్ని చూడలేకపోతే చూడకండి. నొప్పి ఎక్కడుందో మాత్రం, అది లేని వేలిలోనైనా సరే, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.