హెడ్డు పక్కన రెండో చుక్క

మొన్న బుధవారం మా అక్క మనవరాలు తన కారు సిలిండర్ హెడ్డును, అంటే ఇంజను పైమూతను, గోనెపట్టాలో చుట్టుకుని, ఆటోనగర్‌లో నేనొకప్పుడు పనిచేసిన వీధికే నన్ను లాక్కెళ్ళింది. మైలవరం రోడ్డులో ఇంజను వేడెక్కి హెడ్డు వంగిపోయిందట. ఫేసింగ్ చేయిస్తే పనికొస్తుందా, లేక దండగేనా అని ఆమె సందేహం. ఆ పిల్లకు వేగంగా పోయే బళ్ళంటే పిచ్చి, అది ఎవరి పోలికో మీకే తెలుస్తుంది. నేను ముందుగా హెడ్డు పక్కంతా వేలితో తడిమాను. ఏమీ తగల్లేదు.

ఫేసింగ్ అంటే వంగిన హెడ్డు అడుగును మిషను మీద చదును చేయడం. చేసిన ప్రతిసారీ కాస్త లోహం అరిగి, ఇంజనులో ఒత్తిడి పెరిగి, బండి ఇంకొంచెం హుషారుగా దూకుతుంది. అతి చేశామా, వాల్వులు పిస్టన్లకు తగిలి మంచి వేగంలో ఉండగానే ఇంజను ముక్కలవుతుంది. అందుకే మా మేనమామ తన షెడ్డులో ఒక కట్టడి పెట్టాడు. చదును చేసిన ప్రతిసారీ పంచ్‌తో అంటే మొనదేలిన ఉక్కు కడ్డీతో, హెడ్డు పక్కన ఒక చుక్క కొట్టాలి, రెండు చుక్కలున్నదాన్ని దేవుడు దిగొచ్చి అడిగినా మళ్ళీ మిషనెక్కించకూడదు. విదేశీ బండి హెడ్డు కొత్తలో ఎంత మందముండేదో చెప్పే పుస్తకాలు మాకెక్కడివి, ఆ చుక్కలే మాకు పుస్తకం.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, పొద్దున లేస్తే 'ఒరేయ్' అన్న పిలుపే తప్ప మరొకటి ఎరగను. మామయ్య ఊళ్ళో లేని ఒకనాడు మీగడరంగు విదేశీ కారు ఆసామి ఒకాయన, మడత నలగని పంచెతో వచ్చి, మూల అతుకూ పక్కన ఒక చుక్కా ఉన్న హెడ్డును చదును చేయించుకుని, "మేస్త్రిగారూ, అమ్మే బండండీ, రెండో చుక్క చూస్తే బేరం చెడిపోద్దండీ, కాస్త దయుంచాలండీ" అన్నాడు. పైసా ముట్టలేదు, ఒట్టు. ఆ 'గారు'కే బోర్లా పడ్డాను. చుక్క కొట్టలేదు.

ఏడాది తిరక్కుండా, పామర్రులో వ్యవసాయం చేసుకునే మా బావ, అంటే అక్క భర్త, రేసుల పిచ్చితో ఒక పాత కారు కొని, దాని హెడ్డు పట్టుకుని అక్కతో సహా షెడ్డుకొచ్చాడు. పది రోజుల్లో మద్రాసు దగ్గర రేసు, హెడ్డు చదునూ కావాలి, ఒత్తిడి పెరగడానికి మరికాస్త లోతుగానూ తీయాలి. మూల విరిగితే వెల్డింగు పెట్టిన అతుకు చూడగానే గుర్తుపట్టాను, అది నేను చుక్క కొట్టని హెడ్డే! మామయ్య ఉన్న ఒక్క చుక్కనూ తడిమి, "ఇంకోసారికి వీలుందిరా, ఎక్కించు" అన్నాడు.

హెడ్డును మిషనెక్కించి బోల్టులు బిగించడం మొదలుపెట్టాను. నోరు విప్పితే మామయ్య షెడ్డులోంచి గెంటేస్తాడు, బావ కోపం ఊరందరికీ తెలిసిందే. విప్పకపోతే ఆ రేసులో స్టీరింగు పట్టుకునేది మా అక్క పెనిమిటి. ఇంతలో అక్క నా పక్కకొచ్చి, "తమ్ముడూ, ఈయన తోలతానంటే నాకు గుండెదడగా ఉందిరా. నీ చేతిపని గదా, భయం లేదుగా?" అంది. స్విచ్చి వేశాను, మిషను సానరాయి తిరిగింది, హెడ్డు దాని కిందికి జరుగుతోంది. ఇక జానెడు దూరముందనగా ఆపేశాను.

"ఇది మూడోసారి మామయ్యా" అని జరిగిందంతా చెప్పేశాను.

నన్ను రెండు దెబ్బలు కొట్టినా బాగుండేది. మామయ్య పంచ్ తెచ్చి నా చేతిలో పెట్టి, "కొట్టరా" అన్నాడు, అంతే. చెయ్యి వణికి రెండో చుక్క వంకరగా పడింది. బావ ఆ హెడ్డు ఎత్తుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. రేసు పోయింది. ఏడాదిపాటు మా గడప తొక్కలేదు, అక్కనూ పంపలేదు. ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గేముంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వేరే హెడ్డుతో వచ్చి, మామయ్యను దాటుకుని నా దగ్గరకే నడిచి, "మేస్త్రిగారూ, చుక్క మరిచిపోకండేం" అన్నాడు. అది ఎత్తిపొడుపో మన్ననో ఇప్పటికీ తేలలేదు, అడుగుదామంటే మనిషి లేడు.

మనవరాలి ఫోనులో ఆ హెడ్డు కొత్తలో ఉండే మందం వెంట్రుకవాసితో సహా ఉంది. కొలిపిస్తే వీలుందని తేలింది. చదునయ్యేంత వరకే తీయించు, పరుగు కోసం ఒక్క పొర కూడా తీయించకు అని చెప్పాను, విన్నది. పని అయ్యాక పంచ్ అడిగితే, ఎందుకు సార్ అని షెడ్డులో వాళ్ళు వింతగా చూశారు. ఎక్కడో మూలనుంచి వెతికి ఇచ్చారు. ఈసారి వయసు వల్ల వణికింది చెయ్యి, చుక్క మళ్ళీ వంకరగానే పడింది. నన్నిప్పుడు ఆటోనగరంతా 'గారు' అనే పిలుస్తుంది. తప్పు చేసిన రోజున పంచ్ చేతిలో పెట్టి 'కొట్టరా' అనడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.