మామిడి కొత్త దాకా తెరుచుకోని పాట

పాటల పెద్దమ్మ పోయిందని మొన్న పొద్దున్నే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. పాపికొండల్లో పుట్టిన కొండరెడ్డి మనిషి, ప్రాజెక్టు ముంపు వాళ్ల కాలనీలో ఇరుకు గదిలో కన్ను మూసింది. రాజమండ్రి నుంచి బయల్దేరి కొవ్వూరు వంతెన దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. కోపమే వచ్చింది.

గిరిజనుల కోసం యాప్‌లు చేసేవాళ్లకి కొదవ లేదు. వాళ్లతో కూర్చుని చేసేవాళ్లేరీ? నేనూ, నాతో యాప్ చేసే నలుగురూ కూర్చున్నాం. వాళ్ల పాటల్ని ఫోన్‌లో దాచాలని వెళ్తే, పెద్దమ్మ యాప్‌లో మైకు బొమ్మ చూసి "ఇదేంటి బాబూ, ఐసు పుల్లా?" అంది. ఆడవాళ్లంతా ఒకటే నవ్వు. అది తీసేసి డోలు బొమ్మ పెట్టాం. అక్షరాల వరసలో పేర్చిన పాటల్ని పండగల వరసలోకి మార్పించింది.

మామిడి కొత్త పండగ చేసేదాకా వాళ్లు కాయ ముట్టరు, ఆ పండగ పాట పాడరు. ఫోన్ కూడా పాడకూడదని పెద్దమ్మ పట్టు.

"పాటకి తాళమేంటి పెద్దమ్మా? జ్ఞానం అందరిదీ కదా" అన్నాను.

"అందరి కోసమనే మా ఊరు ఖాళీ చేయించారు" అంది చుట్ట తిప్పుతూ. "పాట కూడా అందరికీ ఇచ్చేసి, ఏం పట్టుకుని బతకమంటావు?"

ఆచారాల మీద జీవితమంతా దెబ్బలాడినవాణ్ణి. ఆ నియమం నాకిప్పటికీ నచ్చదు. కానీ నచ్చాల్సింది నాకా? తాళం పెట్టాం. తీసే హక్కు పెద్దమ్మకీ, ఆవిడ తర్వాత కూతురికీ ఉంచాం. యాప్‌కి డబ్బు పెట్టిన పెద్దమనిషి మాత్రం "సీజన్ చూసుకుని ఎవరు వింటారండీ?" అని నవ్వాడు. మీ పూజకి వేళలుంటే నిష్ఠ, వాళ్ల పాటకి వేళ ఉంటే వెనకబాటా అని అడిగాను.

మొన్న నేను కాలనీకి చేరిన కాసేపటికి ఆయనే ఫోన్ చేశాడు. సంతాపం వీడియోలో పెట్టడానికి ఆవిడ మామిడి పాట కావాలట. కూతురికి చెప్పాను. అమ్మ గొంతు వినాలని ఆమెకి మాత్రం ఉండదా? నాకూ ఉంది. ఆమె గుమ్మంలోంచి బయటికి చూసింది.

"చెట్లింకా పూతలో ఉన్నాయి అన్నయ్యా. అమ్మ ఉన్నా ఇప్పుడు పాడదు. కుదరదని చెప్పు."

చెప్పాను.

కూతురి ఫోన్‌లో పెద్దమ్మ ఫొటో ఉంది, పాట ఎత్తుకోబోతూ నోరు తెరిచినప్పుడు తీసింది. ఆడవాళ్లు చుట్టూ చేరి చూస్తున్నారు. తెర వెలుగు తగ్గినప్పుడల్లా కూతురు వేలితో మెల్లగా తాకుతోంది. మొహం మళ్లీ వెలుగులోకి వస్తోంది.