చిటికెన వేలి నలుపు

ప్రతి ఏడూ చలికాలం చివర మా ఇంటికి ఒక సంచి అల్లం వచ్చేది. కోహీర్ వైపు పల్లెలో ఉండే ఒక రైతు దాన్ని బస్సులో వేసి పంపేవాడు. మట్టి కూడా దులపని పచ్చి అల్లం. నా భార్య కడిగి, సగం ఇరుగుపొరుగుకు పంచి, మిగిలినదాన్ని రోజూ చాయలో దంచి వేసేది. ఆ చాయ నేను తాగేవాణ్ణి కాదు. కడుపులో మంట అనేవాణ్ణి. మంట లేదు. ఆ రైతు నన్ను తన చెయ్యి కాపాడిన మనిషి అనుకుని అల్లం పంపుతున్నాడు. అతని చెయ్యి పాడు కావడానికి కారణం నేనని అతనికి తెలియదు. అదీ సంగతి.

డెబ్బైల చివర మాట. నేను జహీరాబాద్‌లో బడిపంతులును, మా చర్చి సంఘంలో పెద్దను. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారి పక్కన నిలబడి ప్రార్థన చదివించడం నా పని. అప్పట్లో చెరుకుతోటల మీద అడవిపందుల బెడద ఎక్కువగా ఉండేది. లైసెన్సు తుపాకులున్న రైతులు వాటిని సరిగ్గా పట్టుకోవడం రాక తమకే దెబ్బలు తగిలించుకునేవారు. అధికారుల ప్రోత్సాహంతో ఊళ్ళో కొందరం కలిసి ఒక రైఫిల్ క్లబ్ పెట్టాం. చదువుకున్నవాణ్ణని నన్ను కార్యదర్శిని చేశారు.

అయ్యగారు పిలిచి అడిగారు, "తుపాకితోని నీకేం పనయ్యా?" అని.

"ఎవ్వరి ప్రాణం పోకుండ నేర్పుడే గదా అయ్యగారూ. ఇది కూడ ఒక పరిచర్యనే," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

ఊరి బయట ఎర్రరాయి కోసి వదిలేసిన పెద్ద గుంత ఒకటి ఉండేది. దాని చివర మట్టి దిబ్బ పోయించి, దిబ్బ ముందు కర్రలు పాతి, వాటికి గురి కాగితాలు కట్టేవాళ్ళం. ఇవతల గోనెసంచులు పరిచి, వాటి మీద బోర్లా పడుకుని కాల్చేవాళ్ళం. నేర్పించడానికి న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి ఒక రిటైర్డ్ హవల్దార్ వచ్చేవాడు. సన్నటి మనిషి, తెల్ల మీసాలు. బీడీ కూడా తాగడు. గొంతు ఎప్పుడూ పెంచడు.

ఆయన పద్ధతి ఒక్కటే. కాల్చడం అయిపోయాక ప్రతి మనిషీ తన తుపాకి బోల్టు వెనక్కి లాగాలి. తూటా కూర్చునే చోట చిటికెన వేలి కొన ఆనించి, అక్కడ ఏమీ లేదని తడిమి తెలుసుకోవాలి. మసి అంటి వేలి కొన నల్లబడుతుంది. హవల్దార్ వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి వేలూ చూసేవాడు. అందరి వేళ్ళూ నల్లగా కనిపించాకే ఎర్రజెండా దించి తెల్లజెండా ఎత్తేవాడు. తెల్లజెండా లేచాకే దిబ్బ దగ్గరికి వెళ్ళి ఎవరి కాగితం వాళ్ళు తెచ్చుకోవాలి.

అల్లం రైతు మా క్లబ్బులో అందరికంటే సరదా మనిషి. హవల్దార్ తన వేలు చూస్తుంటే ఊరుకునేవాడు కాదు.

"హవల్దార్ సాబ్, పెండ్లిచూపులల్ల మా అత్త గూడ గిట్లనే నా చెయ్యి పట్టి చూసింది."

"ఏమన్నది?"

"జర గూడ నలుపు లేదు, వీడు పని జేసెటోడు గాదు అన్నది."

"మరి పిల్లనెట్ల ఇచ్చింది?"

"మా మామ కండ్లకు అద్దాలు లేకుండె సాబ్!"

వరుసంతా పడుకునే నవ్వేది. హవల్దార్ కూడా మీసాల చాటున నవ్వి, "వేలు మళ్ళ పెట్టు. సగమే నల్లగైంది," అనేవాడు.

ఈ వేళ్ళు చూసే పని పది మందికి పావుగంట పట్టేది. నాకది విసుగ్గా ఉండేది. నాకు తెలిసిన పద్ధతి వేరు. సంఘంలో నేనొక మాట చదివితే సంఘమంతా ఒక మాట తిరిగి చెబుతుంది. వంద గొంతులు ఒక్కటై పలికినప్పుడు ఆ మాట మనుషుల్లో నాటుకుంటుందని నా నమ్మకం. క్లబ్ నియమాలను కూడా అలాగే కూర్చాను. వరుస ముందు నిలబడి నేను అడిగేవాణ్ణి, అందరూ ఒక్కసారే జవాబు చెప్పేవారు.

"బోల్టు ఎట్లున్నది?"

"తెరిచున్నది!"

"తూటాలు ఏడున్నయి?"

"డబ్బల ఉన్నయి!"

"తుపాకి ఎట్లున్నది?"

"ఖాళీగున్నది!"

గుంత గోడలకు తగిలి ఆ మాట తిరిగి వచ్చేది. నాకు ఒళ్ళు పులకరించేది. చూడటానికి వచ్చిన అధికారులు చప్పట్లు కొట్టారు. హవల్దార్ మాత్రం నన్ను పక్కకు పిలిచాడు.

"మంచిగున్నది సార్. గుడిల పాట తీరుగున్నది. కని తుపాకికి చెవులుండయి గద."

"నియమాలు నోటికి వస్తున్నయి గదా, హవల్దార్ గారూ."

"నోటికి వస్తున్నయి. వేలికి వస్తలేవు. మొన్న ఇద్దరు బోల్టు తెరువకుంటనే తెరిచున్నది అన్నరు. నేను చూసిన."

నాకు చిన్నతనంగా అనిపించింది. నా పద్ధతికి వస్తున్న మెప్పు చూసి ఓర్వలేకపోతున్నాడేమో అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన నాలో పుట్టిన మాట ఇక్కడ రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

ఆ ఏటి పోటీల రోజు మా సంఘంలో ఉజ్జీవ కూటాలు అనే ప్రత్యేక ప్రార్థన సభలు కూడా నడుస్తున్నాయి. సాయంత్రం ఐదింటికి బైబిలు వాక్యం చెప్పవలసింది నేను. ముఖ్య అతిథిగా వచ్చిన అధికారి ఆలస్యంగా వచ్చాడు, వచ్చీ రాగానే గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. చివరి వరుస కాల్చడం ముగిసేసరికి నాలుగు దాటింది. నేను వరుస ముందుకొచ్చి మూడు ప్రశ్నలూ అడిగాను. పది గొంతులూ "ఖాళీగున్నది!" అన్నాయి. అతిథి మెచ్చుకోలుగా తల ఊపాడు. హవల్దార్ ఎప్పటిలాగే వేళ్ళు చూడటానికి వరుస చివరికి బయలుదేరాడు.

నేను జెండా కర్ర దగ్గర ఆయనకు అడ్డం వెళ్ళి చెవిలో చెప్పాను. "ఇయ్యాల్టికి వేళ్ళు వద్దు. అందరు చెప్పిన్రు గదా. జర జల్ది జెండ ఎత్తున్రి. నాకు కూటానికి టైమైతుంది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీరే చెప్తున్నరా సార్?"

"నేనే చెప్తున్న. ఎత్తున్రి."

ఆయన ఎత్తాడు.

అందరికంటే ముందు పరుగెత్తింది అల్లం రైతు. ఆ రోజు అతని గురి బాగా కుదిరింది, కాగితం చూసుకోవాలని ఆత్రం. ఇవతల అతిథి అందరితో చేతులు కలపడానికి వరుస వెంట నడుస్తూ వస్తున్నాడు. బట్టల దుకాణం నడిపే ఒక సభ్యుడు, అతిథి కాళ్ళకు అడ్డం కాకూడదని సంచి మీద ఉన్న తన రైఫిల్‌ను పైకెత్తాడు. ఎత్తడంలో వేలు ట్రిగ్గర్ మీద పడింది. చప్పుడు పెద్దగా కూడా లేదు. దిబ్బ దగ్గర రైతు కాగితం మీద పెట్టిన కుడిచెయ్యి ఒక్కసారిగా వెనక్కి లాక్కుని కూర్చుండిపోయాడు.

బట్టల దుకాణం ఆయన రైఫిల్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. "ఐదు తూటాలూ కొట్టిన అనుకున్న సార్. నాలుగే కొట్టిన్నా? అందరితోని నేను గూడ ఖాళీ అన్న సార్. అన్న గద!"

అన్నాడు. నేను విన్నాను.

అతిథి జీపులోనే రైతును సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. నా కండువాతో అతని చెయ్యి గట్టిగా కట్టి, దారి పొడుగునా పట్టుకునే ఉన్నాను. దవాఖానలో అతని తల మీద చెయ్యి పెట్టి పెద్దగా ప్రార్థన చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా చేతులు జోడించారు. చెయ్యి నిలిచింది. చూపుడు వేలూ మధ్యవేలూ మాత్రం మళ్ళీ వంగలేదు.

రెండు రోజుల తర్వాత క్లబ్ షెడ్డులో విచారణ జరిగింది. ఇన్‌స్పెక్టర్ నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"వేళ్ళు చూసుడు ఎవరి పని?"

"హవల్దార్ గారిది."

"ఆ రోజు చూసిండా?"

"చూడలేదు."

"జెండా ఎవరెత్తిన్రు?"

"ఆయనే."

మూడూ నిజాలే. నాలుగో ప్రశ్న కోసం ఎదురుచూశాను. ఆయనకు ఎవరన్నా చెప్పారా అని అడిగితే ఏమనేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు. ఇన్‌స్పెక్టర్ కాగితం తిప్పాడు. నేను లేచి వచ్చేశాను. నా తర్వాత హవల్దార్ లోపలికి వెళ్ళాడు. బయటికి ఆయన మాట వినపడింది. "జెండ నా చేతిల ఉండె. నేనే ఎత్తిన." అంతే. ఇంకో మాట లేదు.

క్లబ్ మూతపడింది. శిక్షకుడి నిర్లక్ష్యం అని కాగితం మీద రాశారు. ఆయన తుపాకి లైసెన్సు పోయింది. పట్టణంలో పడుచువాళ్ళకు కవాతు నేర్పే పని ఒకటి ఆయనకు ఇస్తామన్నారట, అదీ పోయింది. కొన్నాళ్ళకు అల్లం రైతు నన్ను చూడటానికి మా ఇంటికి వచ్చాడు. "ఆ ముసలోడు ఆ దినం తాగి ఉంటడు సార్. లేకుంటే గట్లెట్ల ఎత్తుతడు? మీరు లేకుంటే నా చెయ్యి పోతుండె," అన్నాడు. బీడీ కూడా తాగని మనిషిని గురించి ఆ మాట. నేను కాదనలేదు. ఆ ఏటినుంచే అల్లం రావడం మొదలైంది.

ఏళ్ళు గడిచాయి. సండే స్కూలు పిల్లలకు అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ నేర్పేటప్పుడు, ఆ ఒక్కటి మాత్రం చదివించమని వేరే టీచరుకు అప్పగించి బయట నిలబడేవాణ్ణి. ఎనభైల మధ్యలో ఒకసారి ఉజ్జీవ కూటాల ఆఖరి రోజున ఎవరి జీవితంలోని సంగతి వాళ్ళు లేచి సాక్ష్యంగా చెప్పమన్నారు. ఇక ఆగలేక లేచాను. "నేనొక మనిషికి అన్యాయం చేశాను. ఏడ్చి ఒప్పుకున్నాను. దేవుడు నన్ను క్షమించాడు," అన్నాను. సంఘమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.

పులకరించవలసిన ఒళ్ళు చల్లబడింది. అది అచ్చం గుంతలో పది మందీ ఒక్కసారిగా ఖాళీగున్నది అన్న తీరుగానే ఉంది. ఎవరూ నా వేలు చూడలేదు. నేను చూపించనూ లేదు.

ఇంటికి నడుస్తుంటే నా భార్య అడిగింది, "ఎవరికి?"

"ఏంది?"

"అన్యాయం. ఎవరికి జేసినవయ్యా?"

దారిలోనే నిలబడి అంతా చెప్పాను. "అంటే ఆ అల్లం గిన్నేండ్లు మనం ఊరికె తింటిమి," అంది ఆమె.

మర్నాడు న్యాల్‌కల్ బస్సెక్కాను. హవల్దార్ తన ఇంటి ముందు మంచానికి నులక అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను చెప్పవలసింది చెప్పాను, తప్పు నాదే అన్నాను. నిన్న సంఘం ముందు ఒప్పుకున్నానని కూడా చెప్పాను.

"నా పేరు చెప్పిన్రా?" అని అడిగాడు.

"లే."

"ఆ రైతు పేరు?"

"అదీ లే."

ఆయన మళ్ళీ కూర్చుని నులక చేతిలోకి తీసుకున్నాడు. "మరి నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు ఎర్కనే గద. తెల్వనోనికి చెప్పున్రి."

"ఆనాడు ఇన్‌స్పెక్టర్‌కు నా మాట ఎందుకు చెప్పలే మీరు?"

"మీరు ఎత్తుమన్నరు. నేను ఎందుకు ఎత్తిన? ఎత్తకుంటుంటే ఏమైతుండె? అది నా తప్పు. నాది నేను ఒప్పుకున్న. మీది మీరు చూస్కోన్రి."

కోపం లేదు ఆ గొంతులో. కోపపడి ఉంటే తిరుగు ప్రయాణం తేలికయ్యేది.

అక్కడి నుంచి తిన్నగా కోహీర్ వెళ్ళాను. రైతు పొలం గట్టున విత్తనపు అల్లం ఏరుతున్నాడు. వంగని రెండు వేళ్ళూ చాపి ఉంచి, మిగతా మూడింటితో సంచి మూతి పట్టి, పళ్ళతో తాడు బిగిస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "సార్ వచ్చిండు, చాయ పెట్టున్రి!" అని గుడిసె వైపు కేక వేశాడు. చాయ వచ్చే లోపల చెప్పేయాలనుకున్నాను. చెప్పాను. హవల్దార్ తాగలేదని, ఆయన వేళ్ళు చూడబోతుంటే ఆపి జెండా ఎత్తించింది నేనని, విచారణలో ఆ మాట దాచానని.

అతను చేతిలోని తాడు వదిలేశాడు.

"దవాఖానల నా తల మీద చెయ్యి వెట్టి ప్రార్థన జేసిన్రు గద."

"చేసిన."

"అప్పుడు ఎర్కనా మీకు?"

"ఎర్కనే."

చాయ వచ్చింది. ఎడమచేత్తో గ్లాసు తీసి నాకిచ్చాడు. "తాగున్రి," అన్నాడు, నా వైపు చూడకుండా. అల్లం చాయ. తాగాను. అతను తాగలేదు. నేను లేచేటప్పుడు ఒక్క మాట అడిగాడు, "ఆ ముసలాయనది ఏ ఊరు?" చెప్పాను. ఆ వారంలోనే పోలీసు అధికారికి కూడా ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఆ కాగితం ఏమైందో తెలియదు. హవల్దార్ లైసెన్సు మాత్రం తిరిగి రాలేదు.

ఆ చలికాలం మాకు అల్లం రాలేదు. నా భార్య ఒకరోజు బస్టాండులో ఆ బస్సు కండక్టర్‌ను ఆపి అడిగింది, కోహీర్ దిక్కు నుంచి సంచి ఏమన్న వచ్చిందా అని.

"వచ్చింది గదమ్మా, పోయిన వారమే. న్యాల్‌కల్ బస్సుల ఎక్కించుమన్నడు. ఎక్కించిన."

ఆమె అంగడికి వెళ్ళి ఇంత అల్లం కొనుక్కొచ్చింది. దంచుతూ లోపలి నుంచి అడిగింది, "ఏమయ్యా, కడుపుల మంట పోయిందా?"

"పోలే," అన్నాను. "అయినా చాయ పొయ్యి, తాగుత."