మార్కాపురానికి మోసిన బావి నీళ్లు

మార్కాపురం పోదలచిన వారికి నా మొదటి సలహా: బిందెడు నీళ్లు వెంట తీసుకుపోకండి. తీసుకుపోక తప్పకపోతే మా ఊరి ఇన్నాసమ్మ అవ్వను మాత్రం వెంటపెట్టుకోకండి. నేను రెండూ చేశాను.

ఎందుకు పోవలసి వచ్చిందో చెప్పాలి. పోయిన యేడు మా ఊరికి వాన ముఖం చాటేసింది. వాగులో చెలమలు తోడి, బురదను గుడ్డతో వడగట్టుకొని తాగాము. గొడ్లను తెగనమ్ముకున్నాము. అప్పుడు మా కతోలిక గుడి విచారణ గురువు, ఆరడుగుల తెల్లదొర, అంగీ పైకి దోపుకొని మాతోపాటు పార పట్టి గుడి వెనక బావి తవ్వారు. రాయి అడ్డం తగిలింది. ఆయనకు చలిజ్వరం తగులుకుంది. ఆయన పైగురువులు ఆయన్ను మార్కాపురానికి మార్చారు. "మిమ్మల్ని ఎండలో వదిలి పోతున్నాను" అని బండెక్కి చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. ఆయన పోయిన కొద్దిరోజులకే నీళ్లు పడ్డాయి.

ఆ ఆదివారం జపాలు అయ్యాక ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. కష్టకాలం గట్టెక్కించిన మా గురువు స్వామికి కృతజ్ఞతగా ఆ నీళ్లే తాగించాలి. గుడిలో జపాలు చెప్పించే ఉపదేశిని గనక పని నా నెత్తిన పడింది. నేను ఉత్సాహం ఆపుకోలేక "తీపి నీళ్లు పడ్డాయి స్వామీ, తెస్తున్నాము" అని ముందుగానే కార్డు రాసి పడేశాను. ఆ 'తీపి' దగ్గరే నా కొంప మునిగింది.

తెల్లవారకముందే నడిచి ఆరింటికి గిద్దలూరు స్టేషను చేరాము. అవ్వ బిందె మూతికి కొత్త గుడ్డ బిగించి నెత్తిన పెట్టుకొని వచ్చింది. టికెట్ల గుమాస్తా బిందెకు వేరే రుసుము కట్టమన్నాడు.

"బిందెకేంది నాయనా రుసుము? ఒళ్లో పెట్టుకుంటా. చంకబిడ్డకు అడుగుతావా?" అని అవ్వ ఎదురు తిరిగింది. వెనక వరుస కేకలు వేస్తుంటే అతడు మాకు రెండు టికెట్లు విసిరి దండం పెట్టాడు.

బండి ఏడు దాటాక వచ్చింది. సద్దిరొట్టె, ఉల్లిగడ్డ వెంట ఉంచుకోండి, కంభం దాకా తినడానికి ఏమీ దొరకదు. మా ఎదుట నల్లకోటు తొడుక్కున్న బాప్టిస్టు బోధకుడు కూర్చున్నాడు. బిందెలో ఏముందని అడగడమే పాపం, అవ్వ కథంతా చెప్పి గ్లాసు అందించింది.

"మేము నీళ్లల్లో మునిగి బాప్తిస్మం తీసుకునేటోళ్లం. నీళ్ల సంగతి మమ్మల్నే అడగాల" అంటూ ఆయన గుక్కెడు పోసుకున్నాడు. ముఖం కాల్చిన వంకాయలా ముడుచుకుపోయింది. కిటికీలోంచి ఉమ్మి, "అవ్వా, ఇందులో మునిగితే పాపాలే కాదు, తోలు కూడా పోతాది!" అన్నాడు.

"నీ నాలుక్కే ఏదో జబ్బు" అని అవ్వ గ్లాసు లాక్కుంది.

పక్కనున్న గాజులమ్మే బీబమ్మ కూడా ఒక గుక్క తాగింది. ఆమె ఉమ్మలేదు, మర్యాదస్తురాలు. కొంగుతో మూతి తుడుచుకొని, "అమ్మా, మీ ఊళ్లో పప్పు ఉడుకుతాదా?" అని అడిగింది.

అవ్వా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. నీళ్లు పడ్డప్పటి నుంచి మా ఊళ్లో ఏ ఇంటా పప్పు ఉడకలేదు. గిద్దలూరు శెట్టి పాతపప్పు అంటగట్టాడని ఊరంతా అతన్ని తిట్టిపోసింది. అవ్వయితే ఉడకని పప్పును చట్టితో సహా తీసుకుపోయి అతని దుకాణం మెట్ల మీద కుమ్మరించి వచ్చింది.

"ఉప్పు నీళ్లమ్మా, వీటిల్లో పప్పు ఉడకదు" అని బీబమ్మ మెల్లిగా తీర్పు చెప్పింది.

బురద తాగిన నోటికి అవి తేనెలా ఉండేవి గానీ, మార్కాపురంలో మంచినీళ్లు తాగే స్వామికి ఎట్లా ఉంటాయి? కంభంలో బండి నిలిచింది. అక్కడి చెరువు పుణ్యమా అని ఆ నీళ్లకు పేరు. ప్లాట్‌ఫారం మీద కుళాయి కనిపించగానే నాలో సైతాను మేలుకున్నాడు.

"అవ్వా, ఇవి పారబోసి అవి నింపుదామా? తీపి అని రాసినా. స్వామి నోట్లో పోసుకొని ఉమ్మేస్తే మన మొహాలు ఏడ పెట్టుకోవాల?"

"అట్లయితే స్తోత్రం కూడా కంభం చెరువుకే చెప్పుకోరా రాయప్పా!" అని అవ్వ బిందెను రెండు చేతులా వాటేసుకుంది. "మన సామి మన నీళ్లే తాగాల. ఉమ్మితే ఉమ్మనీ."

మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి ఊళ్లోకి జట్కా మాట్లాడుకున్నాము. గతుకులకు సగం నీళ్లు నా పంచె తాగింది. బీబమ్మ తర్వాత ఉమ్మనిది అదొక్కటే.

స్వామి వసారాలో పడక కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయారు. "రాయప్పా, తీపి నీళ్లు!" అంటూ చేతులు చాపారు. అవ్వ గ్లాసు నింపింది. నేను కళ్లు మూసుకొని మరియతల్లిని తలుచుకున్నాను. తెరిచేసరికి గ్లాసు ఖాళీ.

"ఎంత లోతులో పడినవి?" అని అడిగారు.

"మీరు ఆపిన కాడికి రెండు మూరల కింద, స్వామీ."

"రెండు మూరలేనా!" అన్నారు. గడ్డం తడిసింది, నీళ్లతో మాత్రమే కాదు. మళ్లీ గ్లాసు చాపి, "తీపి. ఇంకా పోయండి" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

మిగిలిన నీళ్లతో పప్పు వండమని వంటవాడికి చెప్పారు. మధ్యాహ్నం దాటినా అది ఉడకలేదు. వాడు మార్కాపురం శెట్టిని తిట్టడం మొదలుపెట్టగానే అవ్వ అడ్డం పడింది.

"శెట్టిని అనగాకు నాయనా. తప్పు నీళ్లది" అని మొదటిసారి ఒప్పుకుంది. స్వామి పగలబడి నవ్వి, ఒక్కో గింజా పటపట నములుతూ పళ్లెం ఖాళీ చేశారు.

సాయంత్రం బండికి తిరుగుదారి పట్టాము. గిద్దలూరు శెట్టికి ఏమని చెప్పుకోవాలో అవ్వ దారి పొడుగునా సాధన చేసింది. కంభంలో దాహమేసి కుళాయి దగ్గర దిగాము. అవ్వ దోసిలి పట్టి గుక్కెడు తాగి, అచ్చం బోధకుడిలా ఉమ్మేసింది.

"ఏంది రాయప్పా, ఈ నీళ్లల్లో ఏమీ లేదే!"

నేనూ తాగి చూశాను. నిజమే, చప్పగా ఉన్నాయి. ఇంటికి పోయి తాగుదాంలే అని గిద్దలూరు దాకా ఇద్దరమూ దాహంతోనే కూర్చున్నాము.