నొప్పి ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి

నేను చదివింది ఐదో తరగతి. కూడబలుక్కుని రాయడం వచ్చు, అంతే. అయితే మోకాళ్ళ గురించి మాత్రం నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. మా అమ్మ మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది. బడి మానేసినప్పటినుంచి ఆమె కొంగు పట్టుకుని తిరిగాను. ఏ మోకాల్లో నీరు చేరింది, ఏది ఊరికే అలిసిపోయింది, అరచేయి పెడితే తెలిసిపోయేది నాకు.

మా ఆయనను మొదట చూసింది కూడా అట్లాగే, చీలమండ బెణికి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా. బల్ల మీద కూర్చున్నా నా భుజాల దాకా వచ్చాడు. పుంగనూరు దగ్గర గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టినవాడు. ఆ ఎత్తు చూసి ఎవరో అయ్యవారు మదనపల్లెకు పిలుచుకొచ్చి, బడిలో చేర్చి, చేతికి బాస్కెట్‌బాల్ ఇచ్చాడంట. తర్వాత బెంగళూరులో ఒక కంపెనీ వాళ్ళు తమ జట్టులో ఆడటానికి తీసుకున్నారు. పేరుకు ఆఫీసు ఉద్యోగం, చేసే పని ఆట. మా అత్తకు ఇది చచ్చేదాకా అర్థం కాలేదు.

"గంపలో బంతి యేస్తే జీతమిస్తారా? ఆ గంపకు అడుగు కూడా లేదు కదప్పా!" అనేది.

"అడుగు లేదు కాబట్టే మళ్ళీ మళ్ళీ యేస్తాండాను. ఉండింటే ఒక్కసారికే పని అయిపోతాది, జీతమూ ఆగిపోతాది," అనేవాడు ఈయన.

ఒక్కసారి నేనూ వెళ్ళి చూశాను. అంత మంది ఒకే మనిషి నంబరు పెట్టి అరుస్తుంటే, ఆ మనిషి మా ఇంట్లో సంగటి తినే మనిషేనా అని భయం వేసింది. ఆ అరుపులు ఎనిమిదేళ్ళు నడిచాయి. అక్కడి కోచ్ ఏనాడూ నొప్పి ఉందా అని అడగలేదు. మోకాలు వాచితే సూది వేయించేవాడు, ఆడించేవాడు, మళ్ళీ వాస్తే మళ్ళీ సూది. ముప్పై రెండేళ్ళు వచ్చేసరికి మా ఆయన గోడ పట్టుకుని మెట్లెక్కే స్థితికి వచ్చాడు. అప్పుడు జట్టులోంచి తీసి గోడౌన్‌లో వేశారు. ఆ గోడౌన్‌లో నెల కూడా ఉండలేక ఇంటికి వచ్చేశాడు.

మదనపల్లెలో ఆడపిల్లల బడి ఒకటి ఆయనను కోచ్‌గా పెట్టుకుంది. మొదటి రోజే సున్నంతో ఒక గీత గీసి పిల్లలందరినీ దాని మీద నిలబెట్టాడు. "నొప్పి ఉండేవాళ్ళు ఒక అడుగు యెనక్కి రండి. తిట్టను, కొట్టను, టీములో నుంచి తీసేయను," అన్నాడు. ఆ రోజు మొదలు ప్రతి ఆటకు ముందు అదే గీత, అదే మాట. వెనక్కి వచ్చిన పిల్లను తన పక్కనే కూర్చోబెట్టుకుని, "ఎవుర్ని ఎట్ల నిలబెట్టేదో నువ్వే చెప్పు" అని ఆ పిల్లనే అడిగేవాడు. దాంతో వెనక్కి రావడం పిల్లలకు సిగ్గు అనిపించేది కాదు.

"సార్, తలకాయ నొప్పికీ రావచ్చా?" అని ఒక గడుగ్గాయి అడిగింది ఒకసారి.

"రా. రేపు పరీక్ష ఉండాదని వచ్చిన నొప్పి అయితే మటుకు రెండు అడుగులు ముందుకు రా," అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. బెంగళూరు నుంచి వచ్చాక ఆయన నవ్వడం నాకు కొత్త.

ఆ పిల్లల్లో ఒకతె గుర్రంకొండ వైపు పల్లె నుంచి వచ్చింది. వాళ్ళదీ గొర్రెల బతుకే. హాస్టల్లో ఉండి చదువుకునేది, ఆదివారం చర్చి అయ్యాక తిన్నగా మా ఇంటికి వచ్చేది. వాళ్ళు హిందువులే అయినా, పాటలు బాగుంటాయని చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. మా కొడుక్కి బంతి అంటేనే విసుగు. అందుకని మా ఆయన చెప్పే ఆట కబుర్లన్నీ ఈ పిల్లే వినేది. నన్ను అమ్మా అని పిలిచేది. నేను తల దువ్వుతుంటే, "గట్టిగా అల్లమ్మా, ఆటలో ఊడిపోతాది," అనేది.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. కుప్పంలో ఎంపిక ఆట పెట్టారు. అందులో బాగా ఆడిన ఇద్దరు ఆడపిల్లలను పై ఊరి క్రీడల హాస్టల్‌కు తీసుకుంటారు, తిండీ చదువూ అక్కడే. ఈ పిల్లకు పదహారు నిండబోతున్నాయి, మరుసటి ఏడు వయసు దాటిపోతుంది. వాళ్ళ నాయన అప్పటికే చెప్పేశాడు, ఈసారి కాకపోతే ఇంటికొచ్చి మందతో పో అని.

ఆ ముందు ఆదివారం మధ్యాహ్నం పిల్ల కుంటుకుంటూ వచ్చింది. మా ఆయన కూరగాయలకు వెళ్ళి ఉన్నాడు. మోకాలి మీద అరచేయి పెట్టాను. లోపల నీరు ఉంది. అది కాదు నన్ను భయపెట్టింది. చిప్ప కింద ఏదో ఒకటి ఉండవలసిన చోట ఉండకుండా జారుతోంది. అట్లాంటి మోకాలు నేను అప్పటికి రెండే చూశాను. రెండో దానికి నేను పెళ్ళాన్ని.

"అమ్మా, సారు అడిగితే యెనక్కి పోవల్లా?" అంది పిల్ల.

అంటే వెనక్కి రావాలనే దాని మనసులో ఉంది. ఊరికే నా నోటి నుంచి ఒక 'ఊఁ' కోసం చూస్తోంది. నాకు ఆ పిల్ల ఎండలో మంద వెనక నడవడం కళ్ళకు కట్టింది.

"ఒక్క ఆటే కదమ్మా. గీత మీదనే నిలబడు. నేను కట్టు కడతాను," అన్నాను.

"సారుకు తెలిస్తే?"

"తెలీదులే. నేను కట్టిన కట్టని తెలీకుండా కడతాను."

ఈ మాట కూడా నేనే అన్నాను. మా ఇంట్లో కట్టు కట్టే గుడ్డ ఆయనకు తెలుసు, నా ముడి కూడా తెలుసు. అందుకని కుప్పంలో ఆట రోజు పొద్దున, ఆడపిల్లలకు తోడుగా వెళ్ళిన నేను, ఆ పిల్ల పాత చున్నీ చింపి, ముడి వేయకుండా అంచు లోపలికి దోపి, పైన పొడుగు సాక్స్ లాగేశాను. మా అమ్మ నేర్పిన పనితనమంతా ఆ మోసానికి వాడాను.

గీత మీద పన్నెండు మంది పిల్లలు నిలబడ్డారు. మా ఆయన అడిగాడు. అందరూ ఆయన వైపు చూస్తే ఆ పిల్ల నా వైపు చూసింది. నేను తల వంచుకుని నీళ్ళ బాటిళ్ళు సర్దుకున్నాను.

చాలా బాగా ఆడింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు దాని నంబరు కాగితం మీద రాసుకోవడం నేను చూశాను. దేవా, నా మాటే నిజమైంది అనుకున్నాను. అప్పుడే పైకి ఎగిరి, బంతి పట్టుకుని, కిందికి దిగింది. ఎండిన కందికట్టె విరిచినట్టు శబ్దం. బంతి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది.

ఆటోలో పిల్ల తల నా ఒళ్ళో, కాలు ఆయన ఒళ్ళో. సాక్స్ కిందికి లాగి చూసిన ఆయన చున్నీ పీలిక బయటికి తీశాడు.

"ఎవురు కట్టినారమ్మా ఇది?"

"నేనే కట్టుకున్నాను సార్," అంది ఆ పిల్ల, కళ్ళు మూసుకునే.

నేను నోరు విప్పలేదు.

ఆపరేషన్ జరిగింది. మనిషి నడుస్తుంది, కాలు మడిచి మాత్రం కూర్చోలేదు. వాళ్ళ నాయన ఎవరినీ ఒక్క మాట అనకుండా వచ్చి పిలుచుకుపోయాడు. మా ఆయన వారం లోపల కోచ్ పని వదిలేశాడు. ఎందుకని బడి పెద్దలు ఇంటికి వచ్చి అడిగారు. "ఆ బిడ్డ నాకు నిజం చెప్పేదానికి భయపడినాది. తిట్టనని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. బెంగళూరులో నన్ను ఆడించినోనికీ నాకూ తేడా ఏముండాది?" అన్నాడు. నేను లోపల వాళ్ళకు కాఫీ కలుపుతున్నాను. చక్కెర వేశానో లేదో గుర్తు లేదు, అదొక్కటే నాకు గుర్తు లేనిది.

టమోటా మండీలో లారీలకు టోకెన్లు ఇచ్చే పనిలో చేరాడు. బడి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి వెళ్ళేవాడు. అంతవరకు నేను ఓర్చుకున్నాను. అయితే ఒక మధ్యాహ్నం పెరట్లో ఆయన గొంతు వినిపించింది. ఎవరో వచ్చారనుకుని వంటింటి తలుపు సందులోంచి చూశాను. ఎవరూ లేరు. బట్టల తీగ ముందు నిలబడి, "నొప్పి ఉండేవాళ్ళు ఒక అడుగు యెనక్కి రండి," అన్నాడు. కాసేపు ఆగాడు. మళ్ళీ అదే మాట, ఈసారి మెల్లగా, పసిబిడ్డను లాలించినట్టు. ఆగాడు. మళ్ళీ నవ్వుతూ. మళ్ళీ "అమ్మా" అని చేర్చి. ఏ గొంతుతో అడిగి ఉంటే ఆ పిల్ల చెప్పి ఉండేదో వెతుక్కుంటున్నాడు.

తొమ్మిదేళ్ళు వెతుక్కున్నాడు. వారానికి రెండుసార్లో మూడుసార్లో, మండీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక. అడిగిన ప్రతిసారీ జవాబు కోసం ఆగేవాడు. ఆ జవాబు తలుపు ఇవతల నా నోట్లో ఉండేది. చెబితే ఈ మనిషి నన్ను ఏ కళ్ళతో చూస్తాడో అని మింగేసేదాన్ని. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు కూడా దేవునికి వేరే పాపాలు చెప్పేదాన్ని, ఇది చెప్పేదాన్ని కాదు.

ఈ ఏడు ఎండలు ముదరకముందు ఆ పిల్ల నుంచి ఫోన్ వచ్చింది. కుప్పంలోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ కింద పని చేస్తోంది. అక్కడ ఆట స్థలం ఉంది, బంతులు ఉన్నాయి, నేర్పే మనిషి లేడు. ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సార్, ఇరవై మంది ఉండారు. మీరొచ్చి నేర్పల్ల."

"నేనా? వద్దులేమ్మా. వేరే ఎవురినన్నా సూసుకో."

"యాల వద్దంటారు సార్?"

"అడిగితే నిజం చెప్పే నమ్మకం నీకే కలిగించలేకపోతిని. ఇంకొకరి బిడ్డల్ని యాడ ఆడించేది?"

అవతల ఎవరో పిల్లలు బంతి కొడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. తర్వాత, "అమ్మకు ఇయ్యండి సార్. స్పీకర్ తీసేసి ఇయ్యండి," అంది.

చెవి దగ్గర పెట్టుకున్నాను. గొంతు మారిపోయింది, ఎదిగిన మనిషి గొంతైంది.

"అమ్మా, నేను సార్‌కు చెప్పను. ఆ పొద్దు ఆటోలో నువ్వే చెప్తావనుకున్నా. తర్వాత ఆసుపత్రిలో చెప్తావనుకున్నా. ఇంత కాలమూ నేనే మోసినా. ఇంక నువ్వు చెప్పు."

పెట్టేసింది.

"ఏమంటాదే పాప?" అన్నాడు ఆయన.

"బాగుండావా అని అడిగింది," అన్నాను. తొమ్మిదేళ్ళ అబద్ధం మీద ఇంకొకటి.

అయితే అది ఒక్క రోజు కూడా నిలవలేదు. మరుసటి పొద్దున ఆయన మండీకి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాడు. నేను వాకిలికి అడ్డంగా నిలబడ్డాను. ఎట్లా మొదలుపెట్టాలో ఎన్నో విధాలుగా అనుకున్నాను, ఏదీ రాలేదు. "ఆ చున్నీ కట్టింది నేనే. గీత మీదనే నిలబడమన్నదీ నేనే," అన్నాను.

ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"పాప యెనక్కి రావాలనుకునిందా?"

"అనుకునింది. నన్ను అడిగింది."

"అడిగిందా?"

"అడిగింది."

"అంటే నా మాట నమ్మింది."

"నమ్మింది. నేనే వద్దన్నాను."

ఆయన ముఖంలో వచ్చిన వెలుగు ఈ జన్మలో మరిచిపోను. నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలి గాలి పీల్చినట్టు పీల్చాడు. అది చూసి నా గుండె తేలికపడింది. ఇక అంతా సరిపోయిందనుకున్నాను. ఆ గాలి పీల్చాక ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, కోపం లేదు. వీధిలో ముఖం తెలియని వాళ్ళను ఫలానా ఇల్లు ఎక్కడని అడిగేటప్పుడు చూస్తాం చూడండి, అట్లా చూశాడు.

"పెరట్లో నేను మాట్లాడుకునేది వింటా ఉండినావా?" అన్నాడు.

ఇది అడుగుతాడని నేను అనుకోలేదు. కట్టు గురించి అడిగితే చెప్పడానికి మాటలు ఉన్నాయి, పిల్ల మీద ప్రేమతో చేశాను అనవచ్చు. దీనికి లేవు.

"విన్నాను," అన్నాను.

"అన్ని దినాలూనా?"

"అన్ని దినాలూ."

రెండో చెప్పు వేసుకుని నా పక్కనుంచి బయటికి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, మండీ పని మానేశానని, కుప్పంలో పాప గది చూసి పెట్టిందని చెప్పాడు. నేను ఇద్దరి బట్టలూ మడతపెడుతుంటే నా చీరలు తీసి పక్కన పెట్టాడు, మెల్లగా, నలగకుండా.

బస్టాండు దాకా వెంట వెళ్ళాను. కుప్పం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది ఆయనకు, మోకాళ్ళు ముందు సీటుకు ఆనించి కూర్చున్నాడు.

"నేనెప్పుడు రావల్ల?" అన్నాను కింద నిలబడి.

"చెప్తాలే," అన్నాడు.

ఇది జరిగి నాలుగు నెలలు. డబ్బు పంపిస్తాడు, ఫోన్ చేస్తాడు, తిన్నావా అని అడుగుతాడు. పిల్లలు బాగా ఆడుతున్నారంట, ఆయన నవ్వుతున్నాడంట, ఆ పిల్ల చెప్పింది. ఆ పిల్ల నాతో మాట్లాడుతుంది, రమ్మని మాత్రం అనదు. అది సార్ అనవలసిన మాట అని దానికి తెలుసు.

నిన్న ఫోన్‌లో, కుప్పంలో వాన పడతాండాదని చెప్పాడు. ఈడ లేదన్నాను. ఇద్దరమూ ఫోన్ పెట్టేయలేదు. అవతల రేకుల మీద వాన చప్పుడు వింటూ చాలాసేపు నిలబడ్డాను.