బెర్న్‌లో నేను చెయ్యి తడిపిన మధ్యాహ్నం

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా చిన్న మనవరాలు రాస్తోంది. స్విట్జర్లాండుకు పోయి అక్కడి తిండి తినబోయేవాళ్లకు ఇది పనికొస్తుంది, నా ఆడబిడ్డ రంగమ్మకు జవాబు కూడా ఇదే. మా పెద్ద మనవరాలు మైత్రి బెర్న్ ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. అక్కడి అబ్బాయి లూకాస్‌ను పెళ్లి చేసుకుంటానంది. కోయంబత్తూరు వైపు మా తెలుగువాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. సంబంధం చూడబోయిన ఇంట్లో మన పెద్దవాళ్లు చెయ్యి తడిపితే, అంటే వాళ్ల తిండిలో చెయ్యి పెడితే, మాట ఇచ్చినట్టే. ఇష్టం లేకపోతే మంచినీళ్లతో లేచి వస్తాం. నా కొడుకు ఆ భారం నా మీద పెట్టాడు. "నువ్వే పోయి చూడమ్మా. నువ్వు చెయ్యి తడిపితే మేమంతా తడిపినట్టే" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఒకటే భయం. ఆకలికి ఒక ముద్ద తింటే పిల్ల బతుకు తేలిపోతుంది.

సెలవుకు వచ్చిన మైత్రి వెంట కోయంబత్తూరులో విమానమెక్కి, అబుదాబిలో మారి, జ్యూరిక్‌లో దిగాను. విమానాశ్రయం కిందే రైలు ఉంటుంది, బెర్న్‌కు గంటకు పైగా పడుతుంది. టికెట్ అప్పటికప్పుడు కొంటే యాభై ఫ్రాంకులకు పైనే అవుతుంది, ముందే ఫోనులో కొంటే బాగా తగ్గుతుంది. మర్నాడు శనివారం, సంత రోజు. పాత ఊళ్లో వీధుల పొడవునా రాతి కమానుల కింద నడవొచ్చు, మంచు నెత్తిన పడదు. అయినా జారిపడతానేమోనని మైత్రి చెయ్యి వదల్లేదు. సంతలో బండిచక్రాలంత చీజు, జడలా అల్లిన రొట్టెలు. ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, తురిమి పెనం మీద అట్టులా కాల్చే రోష్టి ఒకటి కొనిచ్చింది, కడుపునిండా తిన్నాను. అంగట్లో తింటే ఎవరికీ మాట ఇచ్చినట్టు కాదు.

మధ్యాహ్నం ట్రామెక్కి లూకాస్ ఇంటికి పోయాం. అతణ్ణి పెంచింది వాళ్ల అవ్వ రూత్, నా వయసుదే. బల్ల మీద చిన్న మంట, దానిమీద ఒకటే గిన్నె, అందులో కుతకుతలాడే చీజు. ఫోండ్యూ అంటారు. పొడుగాటి ఫోర్కులకు రొట్టెముక్కలు గుచ్చి అందరూ ఆ గిన్నెలోనే ముంచాలి.

"అందరూ ఒకే గిన్నెలోనా? ఎంగిలి కాదా కణ్ణు?" అని మైత్రిని అడిగాను.

"మెల్లగా అవ్వా."

"నా మాట వీళ్లకేమి తెలిసేది. సారాయి పోసుండారా దాంట్లో? అది అడుగు."

మైత్రి అడిగింది. రూత్ నావైపు చూస్తూ చాలాసేపు చెప్పింది.

"ద్రాక్షసారా పోసేది వాడుకంట. నీకోసరం ఆపిల్ రసం పోసిందంట. ఫోర్కుకి పెదవి తగలకూడదంట, పంటితోనే లాగాలంట. తగిలిస్తే కసురుతాదంట."

మా ఇంట్లో చెంబు పెదవికి తగిలిస్తే కసిరేది నేను. ఎంగిలి భయం పోయింది, మాట ఇచ్చే భయం మిగిలింది. ఇప్పుడు తిననని చెప్పడానికి సాకు లేదు. అప్పుడు తోచింది, ఫోర్కుతో తింటే చెయ్యి తడవదు కదా అని. ఆ ధైర్యంతో ఒక్కొక్క ముక్కే ముంచాను, కళ్లు మాత్రం ఆ అబ్బాయి మీదే.

గిన్నెలో రొట్టె జార్చినవాళ్లకు శిక్ష ఉంటుంది. ఆ ఇంట్లో శిక్ష, అడుగంటిన గిన్నె తోమడం. మైత్రి ముక్క జారింది. శిక్ష పడిందన్నట్టు రూత్ బల్ల మీద వేలితో కొట్టింది. కాసేపటికి లూకాస్ ముక్కా పడింది. అది జారలేదు, ఫోర్కును అంచుకు తగిలించి జార్చాడు, పిల్ల ఒక్కతే తోమకుండా. నేను చూశాను. తలెత్తితే రూత్ కూడా చూసి, నేను చూశానా లేదా అని నన్నే చూస్తోంది.

అడుగున చీజు మాడి అప్పడంలా అంటుకుంది. రూత్ కత్తితో లేపి, చేత్తో విరిచి, సగం నాకు చాచింది. దానికి ఫోర్కు పనికిరాదు. మైత్రి తన ఫోర్కు కింద పెట్టింది.

"వద్దంటే పరవాలేదవ్వా. కడుపు నిండిందని చెప్తాను."

నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. ఈ మంచులో పిల్లకు జ్వరమొస్తే తెలుగులో ఏమైందని అడిగేవాళ్లెవరు? రూత్ చెయ్యి చాచే ఉంచింది. నేను కుడిచేత్తో అందుకుని తిన్నాను. వేళ్లన్నీ నెయ్యి నెయ్యి అయ్యాయి. తుడుచుకోమని లూకాస్ గుడ్డ ఇచ్చాడు, నేను తుడుచుకోలేదు.

ఊరికి వచ్చాక రంగమ్మ అందరినీ కూర్చోబెట్టింది. "ఫోర్కుతో తిన్నావంట కదా వదినా. చెయ్యి తడవలేదు, మాట చెల్లేదిలేదు." తడిసింది రంగమ్మా, వేళ్ల నిండా తడిసింది. నా భయం పోయిందని చెప్పను. మైత్రి ఫోను ఎత్తడం ఆలస్యమైతే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. భయపడుతూ ఇచ్చినా మాట మాటే. పెళ్లి జరుగుతుంది.

పోయేవాళ్లకు ఒక మాట. ఫోండ్యూతో చన్నీళ్లు తాగనివ్వరు, కడుపులో చీజు గడ్డకడుతుందంటారు, వేడి టీ అడగండి. సారా వద్దనుకుంటే ముందురోజే చెప్పండి. అడుగుమాడు ఎవరైనా చేతికిస్తే మాత్రం, అందుకునేముందు ఆ ఇంటివాళ్లను ఒకసారి బాగా చూసుకోండి.