షావలి క్యాసెట్ల చివరి పాట

ఆ రోజుల్లో కువైట్‌లో షావలిని ఎరగని రాయచోటి మనిషి ఉండేవాడు కాదు. మనిషిని మరిచిపోయిన వాళ్ళకు కూడా అతని పాట మాత్రం గుర్తుంటుంది. నిజానికి అది అతను పాడిన పాట కాదు, ఎవరో ముగ్గురు అమెరికా అమ్మాయిలు పాడింది. అయినా మా లెక్కలో అది షావలి పాటే.

డెబ్బై ఎనిమిదిలో అతను కువైట్ సిటీ పాత సూక్ బజారులో అబూ సమీర్ అనే పాలస్తీనా పెద్దమనిషి పాటల దుకాణంలో పనికి కుదిరాడు. రికార్డులు పోయి క్యాసెట్లు వస్తున్న కాలం. పాత సరుకు దులుపుతుంటే ఒక చిన్న రికార్డు దొరికింది. అట్ట మీద ముగ్గురు నల్లని అమ్మాయిలు, జుట్టు ఎత్తుగా చుట్టుకుని దర్జాగా నిలబడ్డారు. పేరున్న చోట ఎవరో ధర చీటీ అంటించి పీకారు, చీటీతో పాటు పేరూ ఊడిపోయింది. అరవైల్లో బీరూట్ నుంచి వచ్చిన సరుకది, ఇన్నేళ్ళలో ఒక్కరూ కొనలేదని చెప్పి, "ఖలాస్, నువ్వే తీసుకో" అన్నాడు అబూ సమీర్.

షావలికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ పాటలో ఒకమ్మాయి ఏదో అడుగుతున్నట్టు మొదలుపెడుతుంది. వెనక నుంచి ఇద్దరు "ఊఁ, ఊఁ" అంటూ ఆమెను ఓదారుస్తారు. చివరికి వచ్చేసరికి మొదటి అమ్మాయి గొంతు బొంగురుపోతుంది, అయినా ఆపదు. అక్కడ షావలి చేతిలో పని ఆగిపోయేది.

"ఏం చెప్తాండాదో తెలీదు గాని, నిజమే చెప్తాండాది" అనేవాడు.

షర్క్ పేటలో ఒకే గదిలో ముగ్గురం ఉండేవాళ్ళం: షావలి, సామాను వేసే వానెట్ బండి తోలే గంగులయ్య, దర్జీ పని చేసే నేను. నాకు పాట నచ్చింది. గంగులయ్యకు గిట్టేది కాదు. "పిల్లికూనల్ని తొక్కినట్టుండాది, ఆపప్పా" అని దుప్పటి ముసుగు తన్నేవాడు. పాటలు ఎరగని మనిషితో వాదించి లాభమేముంది?

మా వాళ్ళలో చాలామందికి రాయడం రాదు కాబట్టి ఉత్తరాలు క్యాసెట్లోనే చెప్పుకునేవాళ్ళం. షావలి టేప్‌రికార్డర్ ముందు కూర్చుని చెప్పి, ఊరికి పోయేవాళ్ళ చేత పంపేవాళ్ళం. అక్కడ విని, అదే క్యాసెట్ మీద జవాబు చెప్పి, వచ్చేవాళ్ళ చేత తిప్పి పంపేవారు. ఎంత చెప్పినా మా మాటలు అయిపోయి టేపు కొంత మిగిలేది. పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని పెరిగిన మనిషి షావలి. ఖాళీ టేపు పంపడానికి అతనికి మనసు రాదు. మిగిలిన చోట ఆ పాట ఎక్కించేవాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. బీరూట్‌లో, కువైట్‌లో ఎవరూ కొనని పాట అట్లా రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో మోగింది. ఇందులో నాకూ గర్వముంది.

గంగులయ్యకు మాత్రం ఒక దిగులుండేది. అతని భార్య సుబ్బరత్నమ్మ ఒక్క క్యాసెట్ కూడా తిప్పి పంపలేదు. ఎవరి చేతనో రాయించిన నాలుగు ముక్కల కార్డు వచ్చేది.

"అందరి పెండ్లాలూ మాట్లాడతాండారు. నా పెండ్లానికే నోరు రాదు" అని నవ్వేసేవాడు. కానీ శుక్రవారం మేమంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరితే, అతను బకెట్ తీసుకుని బండి కడగడానికి పోయేవాడు. కడిగిన బండినే మళ్ళీ కడిగేవాడు.

ఎనభై మూడు ఆగస్టులో దుకాణం వేరే వీధికి మారింది. సామాను, క్యాసెట్లెక్కించడానికి షావలి అక్కడికి తెచ్చిపెట్టుకున్న ఆ రికార్డు గంగులయ్య బండిలోనే వేశారు. మధ్యాహ్నం అన్నానికి దిగి, అతను రికార్డును ముందు అద్దం దగ్గరే వదిలేశాడు. తిరిగొచ్చేసరికి అది నూనెలో వేసిన అప్పడంలా వంకర్లు పోయింది.

షావలి దాన్ని మిషన్ మీద పెట్టి చూశాడు. ముల్లు ఎగిరి అవతల పడింది. గంగులయ్యను నాలుగు తిట్టి ఉంటే ఇద్దరికీ బాగుండేది. తిట్టలేదు. "ఎండది తప్పు, నీదేముంది" అన్నాడు. ఆ వారమంతా అన్నం కెలికి లేచిపోయాడు.

ప్రతిసారీ రికార్డు నుంచే ఎక్కించేవాడు కాబట్టి, తనకంటూ ఒక క్యాసెట్ చేసుకోలేదు పిచ్చి మనిషి. తెలిసిన వాళ్ళందరి క్యాసెట్లూ అడిగి తెచ్చాం. మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే జమీలా బీ ఒక సంచీ నిండా ఇచ్చింది. అన్నీ చివరిదాకా విన్నాం. బర్రె ఈనింది, పాపకు జ్వరం తగ్గింది, పెద్దాయన అలిగాడు. మన ఊళ్ళలో టేపు మిగిల్చేదెవరు? జవాబులన్నీ పాట మీదికి ఎక్కి కూర్చున్నాయి.

అప్పుడు గంగులయ్య తనంతట తానే టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాడు.

"సుబ్బరత్నా, నా క్యాసెట్లు ఏం చేసినావని అడగను. ఆ ముగ్గురాడోళ్ళ పాట యాడన్నా ఉంటే పంపు. ఈయప్ప మొగం చూడలేకుండా ఉండా."

కొన్నాళ్ళకు సెలవు నుంచి తిరిగొచ్చిన అన్వర్ బాషా ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. ముగ్గురం కూర్చుని పెట్టాం. సుబ్బరత్నమ్మ గొంతు మేం మొదటిసారి విన్నాం.

"షావలన్నా, నేను సుబ్బరత్నమ్మను. మాట్లాడితే ఆయన మాటలు, మీ పాట తుడుచుకపోతాయని ఇన్నేండ్లు నోరు తెరవలా. అన్నీ దాచుకోనుండా. సెనక్కాయలు ఒలిచేటప్పుడు ఆడోళ్ళమంతా రోజూ పెట్టుకుంటాం, అందుకే శానా అరిగిపోయినాయి. ఉన్నదాంట్లో ఇదే మేలు. దీంట్లో గూడా పాట మొదలు పోయింది. అందుకని ఆయన మాటలు ఈ ఒక్కదాంట్లో తుడిచి, ఆ మొదలు మేమే పాడతాండాం. మాటలు తెలీవు. తప్పుంటే ఏమనుకోవాకన్నా."

తర్వాత ముగ్గురు ఆడవాళ్ళు పాడారు. మాటల్లేవు, ఉత్త రాగమే. సుబ్బరత్నమ్మ అడిగినట్టు పాడితే, ఇద్దరు వెనక "ఊఁ, ఊఁ" అన్నారు. టక్‌మని చప్పుడైంది. ఆ చప్పుడు వెనకే ఆ అమెరికా అమ్మాయి గొంతు అందుకుంది. షావలి దాచుకోకుండా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

ఊరివాళ్ళు పాడిన మొదలు తీసేసి, మిగతాది మాత్రమే కొత్త క్యాసెట్లోకి ఎక్కించవచ్చు. షావలి ఆ పని చెయ్యలేదు. అప్పటి నుంచి మా క్యాసెట్ల చివర ఆరుగురు పాడేవారు.

ఆ రోజు పాట అయిపోయాక, గోడకు ఆనుకుని కూర్చున్న గంగులయ్య షావలి వైపు తిరిగాడు.

"పాట నీది, నువ్వుంచుకోప్పా. ముందర మాట్లాడింది గదా, అది ఇంకోసారి పెట్టు. నిన్నే పిల్చింది, నన్ను పిలవలా. ఐనా పెట్టు."

షావలి క్యాసెట్ వెనక్కి తిప్పి, టేప్‌రికార్డర్ తీసి అతని ఒళ్ళో పెట్టాడు.